చెమటకి కాటా లేదు: పొలం పనిలో ఎన్ని కేలరీలు ఖర్చవుతాయో మన అంచనా ఎంతవరకు నిజం?



జీవామృతం, ఘనజీవామృతం, కషాయాల గురించి ఇక్కడ చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి వాటిని కలిపి, మోసి, పోసే మనిషి గురించి మాట్లాడుకుందాం. పైన వీడియోలో మూడు పనులు చూపించాను. ఒకటి, 20 నిమిషాలు పారతో గొప్పు తవ్వడం. రెండు, 200 లీటర్ల డ్రమ్ములో జీవామృతాన్ని బకెట్లతో అరగంట మోసి పాదులకి పోయడం. మూడు, గంటన్నర సేపు గట్ల మీద తిరుగుతూ చేను చూసుకోవడం. మూడింట్లో ఏ పనికి ఒంట్లో శక్తి ఎక్కువ ఖర్చయిందో మీరొక అంకె అనుకుని పెట్టుకోండి. లెక్క కింద వేస్తాను, అప్పుడు సరిచూసుకోవచ్చు.

రైతులకి ఈ కేలరీల గొడవ ఎందుకు అంటారా? కారణం ఉంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో నూటికి 11.4 మందికి షుగర్ ఉంది. పల్లెల్లో కూడా నూటికి దాదాపు 9 మంది. అది పట్నం జబ్బు, కూర్చుని పనిచేసే వాళ్ల జబ్బు అనే మాట ఇక చెల్లదు. మా ఊళ్లో బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే రైతులు ఎంతోమంది. వాళ్లలో ఎవరిని పలకరించినా ఒకటే మాట. మా బాబాయి ఒకాయన అయితే, "ఏరా అబ్బాయ్, పొద్దున్నించి పార పట్టిన వాడికి ఇంకా నడకేంటి, తిండిలో లెక్కలేంటి? తిన్నదంతా చెమటలోనే పోద్ది" అంటాడు. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం అనే ఈ వ్యాసం.

కేలరీని అసలు ఎలా కొలుస్తారు

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే శక్తిని ఒక కిలో కేలరీ అంటారు. మామూలు మాటల్లో, బిస్కెట్ ప్యాకెట్ మీదా, చేతి గడియారంలోనూ "కేలరీ" అని కనిపించేది ఈ కిలో కేలరీయే. ఈ వ్యాసంలో కూడా కేలరీ అంటే అదే.

ఒంట్లో పొయ్యి మండాలంటే ఆక్సిజన్ కావాలి. ఒక లీటరు ఆక్సిజన్ వాడుకుంటే సుమారు 5 కేలరీలు ఖర్చయినట్టు. అందుకే ల్యాబుల్లో మనిషి ముఖానికి మాస్కు పెట్టి, పీల్చిన గాలి, వదిలిన గాలి కొలుస్తారు. నమ్మదగ్గ కొలత అదే. భోపాల్‌లో ఉన్న కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ లాంటి చోట్ల వ్యవసాయ పనిముట్లతో మనిషి మీద పడే శ్రమని కూడా గుండె వేగం, ఆక్సిజన్ వాడకం ఆధారంగానే లెక్కగడతారు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ కొలతలో చెమట లేదు, నడుం నొప్పి లేదు, అరచేతి బొబ్బలు లేవు. ఆక్సిజన్ ఒక్కటే ఉంది. మనమేమో పని బరువుని మిగతా వాటన్నిటితో కొలుస్తాం. తేడా అక్కడే మొదలవుతుంది.

కంటి అంచనా ఎంత దూరం పోతుంది

కెనడాలోని ఒట్టావా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. మామూలు బరువున్న ఆడా మగా 16 మంది చేత ట్రెడ్‌మిల్ మీద వ్యాయామం చేయించారు. ఒకసారి 200, ఇంకోసారి 300 కేలరీలు ఖర్చయ్యేలా కొలిచి మరీ చేయించారు. తర్వాత "ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయి అనుకుంటున్నారు?" అని అడిగారు. వాళ్లు చెప్పిన అంచనా అసలు ఖర్చుకి మూడు నాలుగు రెట్లు ఉంది. ఆ తర్వాత భోజనం ముందు పెట్టి, ఖర్చయినంత మేరకే తినమన్నారు. వాళ్లు తిన్నది అసలు ఖర్చుకి రెండు మూడు రెట్లు అయింది.

వాళ్లేమీ తెలివితక్కువ వాళ్లు కాదండి. మనం గట్టు మీద నిలబడి చేను చూసి "ఎకరానికి 30 బస్తాలు దిగుద్ది" అంటాం. అయిదు మీటర్ల చదరం కోసి, నూర్చి, తూకం వేస్తే గానీ అసలు సంగతి తెలియదు. పంట కోత ప్రయోగాలు పెట్టింది అందుకే. పంట విషయంలో ఏటా కాటా వేస్తాం కాబట్టి మన కన్ను కొంతైనా సరిదిద్దుకుంటుంది. కేలరీలకి మన దగ్గర కాటా లేదు. జన్మంతా అంచనా వేసినా, అది తప్పో ఒప్పో చెప్పేవాళ్లుండరు. ఇంక కన్ను ఎలా సరిదిద్దుకుంటుంది?

పొలంలో మనల్ని పక్కదారి పట్టించేవి నాలుగు

మొదటిది చెమట. చెమట అనేది ఒళ్లు చల్లబరచుకునే ఏర్పాటు. ఏప్రిల్ ఎండలో చెట్టు కింద ఊరికే కూర్చున్నా చొక్కా తడుస్తుంది. డిసెంబర్ పొద్దున అదే పార పట్టి తవ్వినా అంత తడవదు. తవ్విన మట్టి ఒకటే అయినప్పుడు ఖర్చులో పెద్ద తేడా ఉండదు, తేడా అంతా ఎండది. ఎండలో పని చేసి వచ్చాక కాటా మీద కిలో తగ్గినట్టు కనిపిస్తే అది నీళ్ల బరువు. నీళ్లు తాగితే తిరిగి వచ్చేస్తుంది, రావాలి కూడా.

రెండోది నొప్పి. వంగి కలుపు తీసేటప్పుడు నడుం పట్టేస్తుంది. అక్కడి కండరాలు గంటల తరబడి ఒకే తీరులో బిగిసి ఉండటం వల్ల వచ్చే నొప్పి అది. నొప్పి నిజమే, కానీ అంత నొప్పికి తగ్గ ఆక్సిజన్ ఖర్చు ఉండదు. చేతి పంపు కొట్టేటప్పుడు భుజం లాగడం కూడా అంతే.

మూడోది ఆయాసం. పలుగు దెబ్బ పది నిమిషాలు వేస్తే గుండె దడదడలాడుతుంది. అది మనకి బాగా గుర్తుంటుంది. పది నిమిషాలకే ఆగి బీడీ ముట్టించి కూర్చున్న ఇరవై నిమిషాలు మాత్రం గుర్తుండవు. మనసు "పొద్దంతా తవ్వాను" అనే రాసుకుంటుంది.

నాలుగోది, ఊరికే ఉన్నా అయ్యే ఖర్చు. 60 కిలోల మనిషి ఏ పనీ చేయకుండా కూర్చున్నా గంటకి సుమారు 60 కేలరీలు అవుతాయని లెక్క. గుండె కొట్టుకోవాలి, మెదడు పనిచేయాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. పని వల్ల అదనంగా ఎంత అయింది అనేది తెలియాలంటే ఈ ఖర్చు తీసేయాలి. ఎవరూ తీయరు.

వీడియోలో పనుల లెక్క ఇదిగో

పరిశోధకులు పనుల బరువుని "మెట్" అనే కొలతలో చెబుతారు. ఊరికే కూర్చుంటే 1 మెట్. గంటకి 5 కిలోమీటర్ల నడక దాదాపు మూడున్నర. పారతో, దంతితో చేసే పని ఊపుని బట్టి మూడున్నర నుంచి 5, గట్టిగా తవ్వితే ఇంకా పైకి. ట్రాక్టర్ తోలడం 2, 3 మధ్య. ఇలాంటి పట్టిక అమెరికాలో 1993లో మొదట అచ్చయింది, తర్వాత చాలాసార్లు సవరించారు. మన ఒంటి బరువుని మెట్‌తో గుణిస్తే గంటకి అయ్యే కేలరీలు సుమారుగా వస్తాయి. అందులోంచి ఒక మెట్ తీసేస్తే పని వల్ల అయిన అదనపు ఖర్చు తేలుతుంది.

60 కిలోల మనిషికి లెక్క వేద్దాం.

గొప్పు తవ్వడం 5 మెట్లు అనుకుందాం. అదనం 4. నాలుగు అరవైలు 240, అది గంటకి. 20 నిమిషాలకి 80 కేలరీలు.

జీవామృతం బకెట్లు మోయడం కూడా సుమారు 5 అనుకుందాం. అరగంటకి 120 కేలరీలు.

గట్ల మీద నిదానంగా నడక 3 మెట్లు. అదనం 2. గంటన్నరకి 180 కేలరీలు.

చూశారా? చేతులు బొబ్బలెక్కించి, చొక్కా తడిపిన పనికి 80. "ఏముంది, ఊరికే తిరిగొచ్చా" అనుకునే పనికి 180. నడక గొప్పది, తవ్వకం చిన్నది అని నేననడం లేదు. ఎంతసేపు చేశాం అనేది మనం లెక్కలోకి తీసుకోం, ఎంత కష్టమనిపించింది అనేదే తీసుకుంటాం. లెక్కలో మాత్రం సేపుకి బరువు ఎక్కువ.

ఇప్పుడు కంచం వైపు చూద్దాం. 80 కేలరీలంటే 20 గ్రాముల పంచదార, లేదా 9 గ్రాముల నూనె. 100 గ్రాముల వండిన అన్నంలో సుమారు 130. రెండు చెంచాల పంచదార, కాస్త చిక్కటి పాలు పోసిన టీ దాదాపు 100. అంటే వీడియోలో మూడు పనులూ కలిపి అయిన 380 కేలరీలు మూడు టీలు, ఇంకో పిడికెడు అన్నంతో తిరిగి ఒంట్లోకి వచ్చేస్తాయి. పని మధ్యలో గట్టు మీదకి టీ ఎన్నిసార్లు వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

చేతి గడియారం చెబితే నమ్మొచ్చా?

కుర్రాళ్లు చాలామంది ఇప్పుడు స్మార్ట్ వాచీలు పెట్టుకుని పొలానికి వస్తున్నారు. వీడియోలో నేను కూడా రెండు వేర్వేరు వాచీలు రెండు చేతులకి పెట్టుకుని గొప్పు తవ్వాను. ఒకే మనిషి, ఒకే పార, ఒకే సమయం. రెండూ రెండు అంకెలు చూపించాయి.

దీని మీద అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో గట్టి పరీక్షే చేశారు. 60 మందికి ఏడు రకాల వాచీలు మార్చి మార్చి పెట్టి నడిపించారు, పరిగెత్తించారు, సైకిల్ తొక్కించారు. గుండె వేగం విషయంలో ఏడింటిలో ఆరు బాగానే చెప్పాయి, తప్పు నూటికి 5 లోపే. కేలరీల దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ నిలబడలేదు. అన్నిటికంటే మంచిదానికే సగటున నూటికి 27 తప్పు. అన్నిటికంటే చెడ్డదానికి నూటికి 93.

అది ల్యాబులో, చదునైన ట్రెడ్‌మిల్ మీద. మన పొలంలో ఇంకా కష్టం. వాచీకి తెలిసేవి చేతి ఊపు, గుండె వేగం, మనం నమోదు చేసిన బరువూ వయసూ. వీపు మీద 16 లీటర్ల ట్యాంకు ఉందో, నెత్తి మీద గడ్డి మోపు ఉందో దానికి తెలియదు. రెండు చేతుల్లో బకెట్లు పట్టుకుంటే చెయ్యి ఊగదు, మనం నడవట్లేదని అనుకున్నా అనుకుంటుంది. పవర్ వీడర్ హ్యాండిల్ అదిరితే అదంతా మన కదలికే అనుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైంది ఎండ. ఎండలో ఒళ్లు చల్లబడటానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం పంపాలి, అందుకని పని పెరగకపోయినా గుండె వేగం పెరుగుతుంది. గుండె వేగాన్ని బట్టి కేలరీలు కట్టే వాచీ ఆ ఎండనంతా మన పని ఖాతాలో వేసేస్తుంది.

పుస్తకంలో మెట్ లెక్క కూడా వేదం కాదు. ఊరికే కూర్చున్న మనిషి కిలో బరువుకి నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడని ఆ లెక్కకి పునాది. 2005లో ఆస్ట్రేలియా పరిశోధకులు దాదాపు 770 మందిని కొలిస్తే సగటు 2.6 దగ్గరే వచ్చింది. అంటే పునాదిలోనే కొంత ఎక్కువ చెబుతోంది. పైన నేను వేసిన లెక్కని కూడా అలాగే చూడండి. ఏ పని పెద్దది, ఏ పని చిన్నది అని పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. దాన్ని బట్టి "ఇంకో 80 కేలరీలు తినొచ్చు" అని కంచంలో వడ్డించుకోవడానికి పనికిరాదు.

రోజంతా కలిపితే?

ఒక గంట కాదు, పది రోజుల ఖర్చు మొత్తం కొలిచే పద్ధతి కూడా ఒకటుంది. ప్రత్యేకంగా గుర్తు పెట్టిన హైడ్రోజన్, ఆక్సిజన్ ఉన్న నీళ్లు తాగించి, కొన్ని రోజుల పాటు మూత్రం పరీక్షిస్తారు. ఆ గుర్తులు ఎంత త్వరగా బయటికి పోతున్నాయో చూసి శక్తి ఖర్చు కడతారు. 1955లో ఎలుకల మీద మొదలైన పద్ధతి, 1980ల నుంచి మనుషుల మీద వాడుతున్నారు.

హెర్మన్ పాంట్జర్ అనే శాస్త్రవేత్త బృందం ఈ పద్ధతితోనే ఆఫ్రికాలో టాంజానియా దేశపు హడ్జా జనాన్ని కొలిచింది. వాళ్లు వేటాడి, దుంపలు తవ్వుకుని, తేనె తీసుకుని బతికేవాళ్లు. మగవాళ్లు రోజుకి 11 కిలోమీటర్ల దాకా నడుస్తారు. 2012లో ఫలితాలు వచ్చాయి. ఒంటి బరువు లెక్కలోకి తీసుకుంటే వాళ్ల రోజువారీ ఖర్చు, అమెరికాలో ఆఫీసుల్లో కూర్చునే వాళ్ల ఖర్చుకి దగ్గరగానే ఉంది! రోజూ కష్టపడే ఒళ్లు లోపల ఎక్కడో పొదుపు చేసుకుంటుందని పాంట్జర్ వాదన. దాని మీద శాస్త్రవేత్తల్లో చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. కష్టానికి తగ్గట్టు ఖర్చు నిచ్చెన మెట్లలా పెరుగుతూ పోతుందనే నమ్మకాన్ని మాత్రం అది కదిలించింది.

మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్‌తో కలిసి 2020లో ఇచ్చిన లెక్క కూడా చూడండి. 65 కిలోల మగమనిషికి కూర్చుని చేసే పనైతే రోజుకి 2110 కేలరీలు, మధ్యరకం పనికి 2710, బరువు పనికి 3470. 55 కిలోల ఆడమనిషికి 1660, 2130, 2720.

ఇందులో మన సంగతి ఎక్కడుంది? రైతు ఏడాదంతా ఒక వరుసలో ఉండడు. నాట్లు, కలుపు, కోతల రోజుల్లో బరువు పని వరుసలో ఉంటాడు. మధ్యలో నెలల తరబడి మోటారు స్విచ్ వేసి, బండి మీద చేను చుట్టి వచ్చే వరుసలో ఉంటాడు. దున్నడానికి ట్రాక్టర్, పిచికారీకి తైవాన్ స్ప్రేయర్, కోతకి మిషన్ వచ్చాయి. పై వరుసకీ కింది వరుసకీ తేడా 1360 కేలరీలు. మరి కంచంలో అన్నం కొలత కాలాన్ని బట్టి మారుతోందా? మా ఇళ్లలో అయితే మారదు. తాత తిన్న కొలతే మనవడికీ వడ్డిస్తారు, "రైతుబిడ్డ, కష్టపడేవాడు" అని. షుగర్, పొట్ట వచ్చే దారుల్లో ఇదొకటి.

తక్కువ అంచనా వేసే పని కూడా ఉంది

ఎక్కువ అంచనా గురించే చెప్పి వదిలేస్తే అన్యాయం అవుతుంది. కూలికి వచ్చే అక్కలు పొద్దున్నే లేచి పేడ తీసి, నీళ్లు పట్టి, వంట చేసి, బట్టలుతికి, ఆ తర్వాత కలుపుకి వస్తారు. సాయంత్రం మళ్లీ అదే వరస. ఒక్కొక్కటి చూస్తే "తేలిక పని". గంటలు కలిపితే గంటన్నర గట్ల నడక లెక్కే, ఇంకా పెద్దది. ఆ గంటల్ని ఏ వాచీ చూడదు, ఇంట్లో వాళ్లూ లెక్కపెట్టరు. వాళ్లలో చాలామంది పొద్దున తినకుండానే చేలోకి దిగుతారు. ఇంట్లో మగవాడికి ఎక్కువ వడ్డించి, ఆడమనిషికి అడుగున మిగిలింది పెట్టే అలవాటు కూడా ఈ తప్పుడు అంచనా మీదే నిలబడి ఉంది.

మరి ఏం చేద్దాం?

కేలరీ అంకెని వదిలేసి, మనం నిజంగా కొలవగలిగిన వాటిని కొలుద్దాం.

ఒకటి, నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచన ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ కావాలి. పొలం పని కూడా అందులోకి వస్తుంది. పనిలేని కాలంలో ఆ నిమిషాలు తగ్గుతున్నాయా అన్నది మనం చూసుకోవాలి. తగ్గితే బండి ఇంటి దగ్గర పెట్టి చేనికి నడిచి వెళ్లండి చాలు.

రెండు, మాట. శ్రమ ఎంత బరువో తెలుసుకోవడానికి మాటే మంచి కొలత. మాట్లాడగలుగుతూ పాట పాడలేకపోతే మధ్యరకం. రెండు ముక్కలు మాట్లాడి ఊపిరి తీసుకోవాల్సి వస్తే బరువు పని. నాట్లలో పాట సాగుతోందంటే ఆ పని నిదానంగా, రోజంతా నిలిచే ఊపులో ఉందన్నమాట.

మూడు, నెల మొత్తం మీద ఒళ్లు. వారానికోసారి పొద్దున్నే, ఏమీ తినకముందు, ఒకే కాటా మీద బరువు చూసి గోడ మీద క్యాలెండర్‌లో రాయండి. నెలకోసారి బొడ్డు దగ్గర టేపుతో చుట్టుకొలత చూడండి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్త పడాలి. తిండికీ కష్టానికీ లెక్క కుదిరిందా లేదా అన్నది ఇది తేల్చి చెప్తుంది. పంటకి కాటా ఎలాగో ఒంటికి ఇది అలాగ.

నాలుగు, వరుస మారినప్పుడు కంచం మార్చడం. కోతలు అయిపోయాక అన్నం కొలత తగ్గించి, ఆ చోట మన చేలో పండిన కూరలు, పప్పు, కొర్రలు పెట్టండి. టీలో పంచదార ముందు తగ్గించండి, అన్నిటికంటే తేలిక అదే.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నా. ఈ లెక్కలు చూసి తిండి ఒక్కసారిగా మానేసి ఎండలో పనికి దిగొద్దు. షుగర్ పడిపోయి పొలంలో కళ్లు తిరిగి పడితే చూసేవాళ్లు కూడా ఉండరు. మీ డాక్టరు గారిని అడిగి మార్పులు చేయండి. జేబులో బెల్లం ముక్కో, పంచదార పొట్లమో ఉంచుకోండి.

ఇక వీడియో చూస్తూ మీరు అనుకున్న అంకె ఉంది కదా, మూడు పనులకీ మూడు రాసి కామెంట్లో పెట్టండి. ఏ పనిని ఎక్కువ అనుకున్నారో, ఏ పనిని తక్కువ అనుకున్నారో చూద్దాం. వచ్చే వీడియోలో పొడవు కర్ర దంతి, పొట్టి కొడవలి పెట్టి ఒకే మడిలో కలుపు తీయించి, ఎవరు ఎంతసేపట్లో ముగించారో, ఎవరి మాట ముందు ఆగిందో చూపిస్తాను.